తిరిగి వచ్చిన స్టార్టర్ డబ్బాలు

నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు మాకు ఒక చిన్న వర్క్‌షాపు ఉంది. వ్యవసాయ మోటార్లు కాలిపోకుండా కాపాడే ఎలక్ట్రానిక్ కంట్రోలర్లను అక్కడ తయారు చేస్తాము. సర్క్యూటు గీయడం, దానిని నడిపే ప్రోగ్రాము రాయడం, బోర్డు మీద విడిభాగాలు అతికించడం, చివరగా మోటారుకు కట్టి పరీక్షించడం అన్నీ ఆ నాలుగు గోడల మధ్యనే జరుగుతాయి. లోపలికి రాగానే కుడివైపు గోడకు ఒక ఇనుప ర్యాకు కనిపిస్తుంది. రైతుల దగ్గరి నుంచి, డీలర్ల దగ్గరి నుంచి తిరిగి వచ్చిన డబ్బాలన్నీ ముందుగా ఆ ర్యాకు మీదికే చేరుతాయి. సాంకేతిక పరిజ్ఞానం మీద ఆధారపడిన చిన్న సంస్థలు కొత్త ఆలోచనలను ఎక్కడి నుంచి తెచ్చుకుంటాయి, ఎలా పెరుగుతాయి అని ఇంజనీరింగ్ విద్యార్థులు నన్ను అడిగినప్పుడల్లా నేను వాళ్లను ఆ ర్యాకు దగ్గరికే తీసుకుపోతాను. ఇన్నేళ్ల అనుభవంలో నేను గట్టిగా నమ్మే మాట ఒకటే ఉన్నది: మా వంటి సంస్థకు పరిశోధన విభాగం ఏదైనా ఉందంటే అది రిపేరుకు వచ్చిన వస్తువే. ఆ మాట ఎందుకు అంటున్నానో ఈ వ్యాసంలో కొంచెం విడమరిచి చెప్పాలని ఉన్నది.

మేము ఈ పని మొదలుపెట్టిన రోజుల్లో మా జిల్లాలో సేద్యానికి కరెంటు కొన్ని గంటలే వచ్చేది. అదీ విడతలు విడతలుగా, చాలాసార్లు అర్ధరాత్రి వేళ వచ్చేది. చీకట్లో గట్ల మీద నడిచి, పాములకూ షాకులకూ భయపడుతూ మోటారు వేయడానికి పోలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు తనంతట తాను లేచే ఏర్పాటు అది. దానితో పాటు ఇంకొక బాధ ఉండేది. మోటారుకు కరెంటు తెచ్చే మూడు తీగల్లో, అంటే మూడు ఫేజుల్లో, ఒకటి పోయినప్పుడు, అప్పటికే తిరుగుతున్న మోటారు ఆగదు. మిగిలిన రెండు ఫేజుల మీదనే బరువంతా లాగడానికి ప్రయత్నిస్తుంది, ఆ రెండు తీగల్లో కరెంటు మామూలు కన్నా సుమారు 1.7 రెట్లకు పెరుగుతుంది, కొద్దిసేపట్లోనే లోపలి వైండింగు మాడిపోతుంది. బోరులోంచి మోటారును పైకి తీయించి, వైండింగు చేయించి, మళ్లీ దింపేసరికి ఖర్చు ఒక ఎత్తు, ఆ నాలుగైదు రోజులు తడి లేక పైరు వాడిపోవడం మరొక ఎత్తు. వేసవిలో వైండింగు దుకాణాల ముందు వరుసగా పడి ఉన్న మోటార్లనూ, మాడిన వార్నిషు వాసననూ ఎరుగని పల్లె మా ప్రాంతంలో లేదు. మేము తయారు చేసిన మొదటి డబ్బా ఈ రెండు పనులనూ కలిపి చేసేది: కరెంటు రాగానే మోటారును లేపుతుంది, ఒక ఫేజు పోతే ఆపుతుంది. అది బాగా అమ్ముడుపోయింది. మూడేళ్లలోనే మేము ముగ్గురి నుంచి పదకొండు మందిమి అయ్యాము. ఎదుగుదల అంటే ఇంతే కదా అని నేను అప్పుడు అనుకున్నాను.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. అది రైతుకు ఎంత మేలు చేసిందో రాత్రిపూట పొలానికి పోయి వచ్చినవాళ్లకు వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఆటో స్టార్టరు ఉన్న చోట మోటారు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు వృథా అవుతాయి, భూగర్భజలం అడుగంటుతుంది. అందుకని ఆటో స్టార్టర్లు తీసివేయాలని ప్రభుత్వం రైతులను కోరింది, విద్యుత్ సిబ్బంది ఊరూరా తిరిగి చెప్పారు. ఆ కోరికలో న్యాయం ఉన్నది, నేను దానిని అప్పుడూ ఒప్పుకున్నాను, ఇప్పుడూ ఒప్పుకుంటాను. కాని మా వస్తువుకు ఉన్న ముఖ్యమైన గిరాకీ ఒక్క నెలలో పోయింది. డీలర్లు కొత్త సరుకు అడగడం మానేశారు, ఉన్న సరుకును తిరిగి పంపారు, రైతులు విప్పేసిన డబ్బాలు కూడా సంచుల్లో మా దగ్గరికే చేరాయి. జీతాలు ఇవ్వవలసిన తేదీ దగ్గరికి వస్తున్నకొద్దీ ఆ ర్యాకు నిండిపోతూ ఉండేది.

విడిభాగాలైనా పనికొస్తాయేమోనన్న ఉద్దేశంతో ఆ డబ్బాలను ఒక్కొక్కటిగా విప్పడం మొదలుపెట్టాము. ముప్పై, నలభై విప్పేసరికి ఒక సంగతి కంటికి తగిలింది. చాలా డబ్బాల్లో ఆటో పని చేసే రిలే (స్విచ్చు వంటి భాగం) దగ్గర తీగను ఎవరో ముందే కోసి, పక్కనుంచి చిన్న తీగ ముక్కతో కలిపి, పైన నల్ల టేపు చుట్టి ఉంచారు. అంటే ఆ రైతులు ఆటో స్టార్టరును ఎప్పుడో మాన్పించుకున్నారు. డబ్బాను మాత్రం తీసివేయలేదు. టేపు ఎండి పెళుసుబారిన తీరు చూస్తే ఆ పని చేసి ఏడాదో రెండేళ్లో అయి ఉండాలి. కనగల్ వైపు నుంచి డబ్బా తెచ్చి ఇచ్చిన ఒక రైతును దీని సంగతి అడిగాను. "ఆటో ఏం జేస్కుంటం అన్నా, బోరు ఆగి ఆగి పోస్తది, నీళ్లు లేకున్నా మోటరు ఉరికితే పాడైతది. అందుకే మా ఎలక్ట్రీషన్ దాన్ని కట్ చేసిండు. ఫేజు పోతే ఆపేది మాత్రం ఉంచుమన్న. గది లేకుంటే మోటరు దక్కదు" అని ఆయన అన్నాడు.

ఆ మాట విన్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మేము అమ్మింది ఒకటి, రైతు కొనుక్కున్నది మరొకటి. మోటారును లేపే యంత్రం తయారు చేశామని మేము అనుకున్నాము. ఆయన మోటారును ఆపే యంత్రం కోసం డబ్బు ఇచ్చాడు. ఇంత ముఖ్యమైన విషయం పల్లెల్లోని ఎలక్ట్రీషియన్లకు రెండేళ్ల ముందే తెలుసు, మాకు తెలియదు, ఎందుకంటే అమ్మిన డబ్బా తరువాత ఏమైందో మేము పోయి చూడలేదు.

నీళ్లు లేకుండా ఉరికితే మోటారు పాడవుతుందని రైతు చెప్పిన మాటలోనే మా తరువాతి వస్తువు దాగి ఉన్నది. మాది గట్టి రాతి నేల. బోరు గంటో గంటన్నరో పోసి ఆగిపోతుంది, మళ్లీ నీళ్లు ఊరడానికి సమయం పడుతుంది. బోరులో దింపిన మోటారుకు చుట్టూ ఉన్న నీళ్లే చల్లదనం, నీళ్లే జారుడు. అవి లేకుండా వట్టిగా తిరిగితే లోపలి బేరింగులు అరిగిపోతాయి, వైండింగు వేడెక్కుతుంది. నీళ్లు అయిపోగానే మోటారును ఆపి, ఊరిన తరువాత మళ్లీ లేపాలి. ఇలాంటి పరికరాలు బజారులో అంతకు ముందే ఉన్నాయి. నీళ్లు లేనప్పుడు మోటారు తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి, కరెంటు ఒక హద్దు కన్నా తగ్గితే ఆపడం వాటి పద్ధతి. మేమూ మొదట అదే పద్ధతిలో యాభై డబ్బాలు చేసి ఇచ్చాము. అందులో సగానికి పైగా నెల తిరగకుండానే ర్యాకు మీదికి వచ్చాయి.

ఎందుకు వచ్చాయో తెలుసుకోవడానికి మేము మునుగోడు దగ్గర ఒక రైతు బోరు మీద మూడు రోజులు, మూడు రాత్రులు మీటరు పెట్టి కూర్చున్నాము. పగలు లైనులో అందరి మోటార్లూ నడుస్తున్నప్పుడు 415 ఉండవలసిన వోల్టేజి 350 దాకా పడిపోయేది. వోల్టేజి పడితే నీళ్లు తోడుతున్న మోటారు అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. అర్ధరాత్రి దాటి మోటార్లన్నీ ఆగిపోయాక వోల్టేజి 440కి పైగా పోయేది. అప్పుడు నీళ్లు లేకుండా వట్టిగా తిరిగే మోటారు కూడా తన అయస్కాంత శక్తిని నిలుపుకోవడానికే చాలా కరెంటు తీసుకుంటుంది. పగలు కట్టిన హద్దు రాత్రి పనికి రాదు, రాత్రి కట్టిన హద్దు పగలు పనికి రాదు. హద్దును మార్చుకోవడానికి మేము డబ్బాకు ఒక నాబు పెట్టాము గాని, దానిని రోజుకు రెండుసార్లు తిప్పే తీరిక ఏ రైతుకూ ఉండదు.

దీనికి దారి చూపినవాడు హైదరాబాదులోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. మేము తీసిన కొలతలన్నీ చూసి, కరెంటు ఎంత అన్నది ఒక్కటే చూడకండి, వోల్టేజికి అది ఎంత వెనుక నడుస్తున్నదో చూడండి అని ఆయన సలహా ఇచ్చారు. బరువు మోస్తున్న మోటారులో కరెంటు వోల్టేజికి కొంచెమే వెనుకబడి ఉంటుంది. బరువు పోయి వట్టిగా తిరిగేటప్పుడు చాలా వెనుకబడుతుంది. పాఠ్యపుస్తకాల్లో పవర్ ఫ్యాక్టర్ పేరుతో మేమంతా చదువుకున్న సంగతే ఇది. ఈ తేడా పగలైనా రాత్రైనా స్పష్టంగానే కనిపిస్తుంది. మా బోర్డు మీద వోల్టేజినీ కరెంటునూ కొలిచే భాగాలు ముందు నుంచే ఉన్నాయి కాబట్టి కొత్తగా ఒక్క రూపాయి విడిభాగం కూడా చేర్చనక్కరలేకపోయింది. మార్చవలసింది ప్రోగ్రాము మాత్రమే. ఇంకొక మార్పు ఒక పల్లె ఎలక్ట్రీషియన్ చెప్పాడు. నాబు తీసేసి ఒక బటను పెట్టండి, బోరు నిండుగా పోస్తున్నప్పుడు నేను దానిని ఒకసారి నొక్కుతాను, అప్పటి లెక్కను డబ్బానే గుర్తుపెట్టుకోవాలి అన్నాడు. మూడు హార్స్‌పవర్ మోటారైనా, ఏడున్నరదైనా ఒకటే డబ్బా సరిపోయే వీలు దానితో వచ్చింది. నీళ్లు అయిపోయి ఆగిన మోటారు ఊరే సమయం తరువాత తానే లేస్తుంది. కరెంటు పోయి వస్తే మాత్రం రైతు వచ్చి బటను నొక్కితేనే లేస్తుంది. నీటి వృథా గురించి ప్రభుత్వం చెప్పిన మాటకు కూడా మా డబ్బా ఆ విధంగా కట్టుబడి ఉన్నది.

ఈ రోజు మేము పంతొమ్మిది మందిమి ఉన్నామంటే దానికి కారణం ఆ రెండో డబ్బా. అందులోని ముఖ్యమైన ఆలోచనల్లో ఒక్కటి కూడా మా బల్ల దగ్గర పుట్టలేదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఏ మాత్రం మొహమాటం లేదు. విన్నదాన్ని కొలవడం, కొలిచినదాన్ని అర్థం చేసుకోవడం, దానిని తప్పు పోని వస్తువుగా మలచడం మా పని. అది కూడా చిన్న పనేమీ కాదు.

ఈ సందర్భంలో మా పక్కనే ఆలేరులో జరిగిన ఒక గొప్ప ప్రయత్నాన్ని తలుచుకోకుండా ఉండలేను. చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేసిన సంగతి తెలుగువాళ్లందరికీ తెలిసిందే. పోచంపల్లి తరహా చీర నేయడానికి ముందు నూలును కొయ్యల మీదుగా అటూ ఇటూ పోయాలి, దానినే ఆసు పోయడం అంటారు. ఒక్కొక్క చీరకు చేతిని దాదాపు 9,000 సార్లు కదిలించాలి. తల్లి భుజం నొప్పిని చూడలేక ఆయన 1992లో ఆ పనికి పూనుకున్నారు, 1999లో పూర్తి చేశారు. ఆ ఏడేళ్లలో చివరి చిక్కు విడిపోయింది హైదరాబాదు బాలానగర్‌లో, వేరే పని మీద పోయినప్పుడు చూసిన ఒక యంత్రపు కదలిక వల్ల. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పురస్కారం గురించి అందరూ మాట్లాడుతారు గాని, నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది ఆ తరువాతి భాగం. యంత్రం నేత ఇళ్లలోకి పోయాక అక్కడ ఏది అరుగుతున్నది, ఏది తెగుతున్నది చూసుకుంటూ, యాంత్రికంగా మొదలైన దానికి తరువాత ఎలక్ట్రానిక్ నియంత్రణ చేర్చుకుంటూ ఆయన ముందుకు పోయారు. అమ్మ వాడే వస్తువును తయారు చేసేవాడికి లోపం ఎక్కడున్నదో ఏ సర్వే చేయకుండానే తెలుస్తుంది. హైదరాబాదులోని పెద్ద సంస్థకు లేని ఈ దగ్గరితనం మా జిల్లాల్లోని చిన్న సంస్థలకు ఉన్న అసలైన బలమని నా అభిప్రాయం.

ఆ బలాన్ని నిలుపుకోవడం సంస్థ పెరిగేకొద్దీ కష్టమవుతుంది. వంద డబ్బాలు అమ్మినప్పుడు ప్రతి డబ్బా ఏ ఊర్లో ఎవరి బోరు మీద ఉన్నదో నాకు నోటికి వచ్చేది. వేలల్లోకి పోయాక ఆ జ్ఞాపకం పనికిరాలేదు. ఒక ఎండాకాలంలో ఒకే రకమైన లోపంతో పాతిక దాకా డబ్బాలు వచ్చాయి, ముగ్గురు వేర్వేరు మనుషులు వాటిని వేర్వేరు రోజుల్లో బాగు చేసి పంపారు, అవన్నీ ఒకే లోపమని మూడు నెలల దాకా ఎవరికీ తెలియలేదు. అప్పటి నుంచి ఒక పెద్ద రిజిస్టరు పెట్టాము. ఊరు, మోటారు హార్స్‌పవరు, బిగించిన నెల, తిరిగి వచ్చిన తేదీ, విప్పగానే కంటికి కనిపించినది, కొలిచినప్పుడు తేలినది, చివరగా కారణం. "విప్పగానే కనిపించినది" అన్న గడి మా సోల్డరింగ్ విభాగంలో పనిచేసే ఒక చెల్లె పట్టుబట్టి పెట్టించింది. బాగు చేసేవాళ్లు ముందు దుమ్ము దులుపుతారు సార్, ఆ దుమ్ములోనే కారణం పోతుంది అని ఆమె అన్నది. ఆమె మాట ఎంత నిజమో ఆ రిజిస్టరు తిరగేస్తే తెలుస్తుంది. మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ల మధ్య ఇరుక్కుని మాడిన బల్లి, రిలే మీద గూడు కట్టిన చీమలు, ఉడుత కొరికిన తీగ, పిడుగు పడ్డప్పుడు పగిలిన రక్షణ భాగం, తేమకు పచ్చగా పట్టిన రాగి దారి, ఇవన్నీ అందులో వరుసగా ఉంటాయి. బోర్డు మీద పూసే రక్షణ పూత, డబ్బా అంచున వేసే రబ్బరు, తీగ లోపలికి పోయే రంధ్రం సైజు, అన్నీ ఆ గడిలో రాసిన మాటలను బట్టి మారినవే. ప్రతి శనివారం సాయంత్రం ఆ వారం పేజీలు అందరమూ కూర్చుని చదువుతాము, కొత్తగా చేరినవాళ్లు కూడా.

డబ్బు విషయానికి వస్తే నా మాటలో కొంత బాధ ఉంటుంది. చిన్న సాంకేతిక సంస్థ ఆలోచన లేక మూతపడటం నేను అరుదుగా చూశాను. రావలసిన బాకీ రాక మూతపడటం మాత్రం చాలాసార్లు చూశాను. ఒక పెద్ద సంస్థ మా దగ్గర నాలుగు వందల డబ్బాలు తీసుకుని పదకొండు నెలల తరువాత డబ్బు ఇచ్చింది. ఆ పదకొండు నెలలూ కొత్త నమూనా పని ఆపేశాము, ఒక మంచి ఇంజనీరును పోగొట్టుకున్నాము. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లు 45 రోజుల్లోపల చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ ఇవ్వాలి. చట్టం స్పష్టంగానే ఉన్నది, ఫిర్యాదు వినే మండలి కూడా ఉన్నది. అయితే తరువాతి ఆర్డరు పోతుందన్న భయంతో చిన్నవాడు ఫిర్యాదు చేయడు, మేమూ చేయలేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ కింద చేర్చిన కొత్త నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన తరువాత ఈ పరిస్థితి కొంత మారడం నేను కళ్లారా చూశాను. గడువు దాటినా ఆ ఏడాది ముగిసేలోపల చెల్లించని బిల్లును కొన్నవాడు ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోవడానికి వీలులేదు. అందువల్ల మార్చి నెలలో వాళ్ల అకౌంటెంట్లే మాకు ఫోను చేసి, మీకు ఎంత ఇవ్వాలి అని అడుగుతున్నారు. ఫిర్యాదు చేసే బరువును చిన్నవాడి భుజాల మీది నుంచి తీసి, చెల్లించే అవసరాన్ని పెద్దవాడి లెక్కల్లో పెట్టిన ఈ పద్ధతి నాకు చాలా తెలివైనదిగా కనిపిస్తుంది.

మొదటి కొనుగోలుదారు దొరకడం ఇంకొక గండం. టెండర్లలో గత మూడేళ్ల టర్నోవరు, అంతకు ముందు అదే వస్తువును సరఫరా చేసిన అనుభవం అడుగుతారు. కొత్త వస్తువును అంతకు ముందు ఎవరూ సరఫరా చేసి ఉండరు కదా. కేంద్ర ప్రభుత్వపు 2012 నాటి సేకరణ విధానం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనవలసిన వాటాను మొదట 20 శాతంగా పెట్టి తరువాత 25 శాతానికి పెంచింది, ధరావతు నుంచి మినహాయింపు ఇచ్చింది, నాణ్యత సరిగా ఉంటే పాత అనుభవం షరతును సడలించవచ్చని కూడా చెప్పింది. అమెరికాలో 1982లో తెచ్చిన ఒక చట్టం దీనికన్నా ముందుకు పోయింది. బయటివాళ్లతో చేయించే పరిశోధనకు పెద్ద మొత్తంలో ఖర్చు పెట్టే ప్రభుత్వ శాఖలు ఆ ఖర్చులో ఒక నిర్ణీత వాటాను చిన్న సంస్థలకే ఇవ్వాలని అది చెప్పింది. ముందు ఆలోచన పనిచేస్తుందా అని చూడటానికి కొంత, పనిచేస్తే నమూనా చేయడానికి ఎక్కువ ఇవ్వడం, ఆ తరువాత బజారులో ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడటం అది పెట్టిన పద్ధతి. మన దగ్గర జీవసాంకేతిక రంగంలో 2012లో ఏర్పడిన బైరాక్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇదే ఒరవడిలో తొలి దశ ఆలోచనలకు 50 లక్షల దాకా సాయం చేస్తున్నది. నీటిపారుదల, విద్యుత్ పంపిణీ, ధాన్యం సేకరణ వంటి శాఖలు కూడా తమ సమస్యలను చిన్న సంస్థల ముందు పెట్టి ఇలా డబ్బు ఇస్తే, మిర్యాలగూడ రైసు మిల్లుల్లో తేమ కొలిచే పరికరం మొదలు పాలమూరు చెరువు తూముల దాకా చేయవలసిన పని ఎంతో ఉన్నది.

2021లో ప్రపంచమంతటా చిప్పుల కొరత వచ్చింది. డబ్బాలో ప్రోగ్రామును నడిపే మైక్రోకంట్రోలరు చిప్పు ధర కొన్ని రెట్లు పెరిగింది, ఆ ధరకైనా దొరకలేదు. కోఠి గుజరాతీ గల్లీలో దుకాణం దుకాణం తిరిగి పదీ ఇరవై చొప్పున ఏరుకొచ్చాము. చివరికి వేరే కంపెనీ చిప్పుకు మారి, బోర్డు మళ్లీ గీసి, ప్రోగ్రామంతా మళ్లీ రాశాము. పెద్ద సంస్థలో ఆ నిర్ణయానికే ఒక ఏడాది పట్టేది. మేము మధ్యాహ్నం భోజనాల దగ్గర తీసుకున్నాము. చిన్న సంస్థగా ఉండటంలోని సుఖం అది. ఆ మార్పు పూర్తయ్యే మూడు నెలలూ అమ్మకం లేకుండా గడవడం దానిలోని కష్టం.

నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ 2023లో ఐటీ టవర్లు తెరిచారు. అదే దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీల ప్రాజెక్టుకు పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి అన్న ఒప్పందం 2022లో జరిగింది. ఇవి మా పిల్లలకు ఊరి దగ్గర ఉద్యోగాలు ఇస్తాయి, నాకు సంతోషమే.  అయితే వస్తువులు తయారు చేసే చిన్న సంస్థకు అద్దాల భవనం కన్నా వేరే వసతులు కావాలి. సోల్డరింగ్ పొగ బయటికి పోయే గది, మూడు ఫేజుల కరెంటు, ఉష్ణోగ్రతా తేమా పెంచి పరీక్షించే పెట్టె, పిడుగు వంటి దెబ్బ వేసి చూసే యంత్రం కావాలి. హైదరాబాదు రాయదుర్గంలో 2023లో మొదలైన ప్రభుత్వ నమూనాల కేంద్రం టీ-వర్క్స్‌లో నమూనాలు చేసుకునే వీలు ఉన్నది, మేము వాడుకున్నాము, అక్కడివాళ్లు ఓపికగా నేర్పించారు. కాని ప్రతి చిన్న మార్పుకూ వంద కిలోమీటర్లు పోయి రావడమంటే ఒక రోజు పని పోవడమే. అటువంటి గది ఒకటి, పదిమంది పట్టేంత చిన్నదైనా, మా పాలిటెక్నిక్‌లోనో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలోనో ఉండి, బయటివాళ్లు గంటకింత అని కట్టి వాడుకునే ఏర్పాటు ఉంటే, ఇప్పుడు వైండింగు దుకాణాల్లో, మిల్లుల్లో, సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో పనిచేస్తున్న చురుకైన కుర్రవాళ్లు ఎంతమంది సొంతంగా ఏదో ఒకటి తయారు చేసి చూపిస్తారో ఊహించగలను. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు మా దగ్గరే డిజైను పని చేస్తున్నారు. ఒకరు ఐటీఐ, ఇంకొకరు ఇంటరు మధ్యలో మానేసినవాడు. లోపం పట్టుకోవడంలో వాళ్ల వేళ్లకున్న తెలివి చూసి మా బీటెక్ పిల్లలు వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుంటున్నారు.

పోయిన వారం దేవరకొండ వైపు నుంచి ఒక డబ్బా వచ్చింది. ప్రోగ్రాము బాగానే ఉన్నది, రిలే బాగానే ఉన్నది, మోటారు మాత్రం మధ్య మధ్యలో ఊరికే ఆగిపోతున్నదని చీటీ మీద రాసి పంపారు. దుమ్ము దులపకుండా విప్పి చూస్తే, కరెంటును కొలిచే చుట్ట చుట్టూ సన్నని ఎర్రమట్టి గూడు ఉన్నది, కందిరీగ కట్టినది. మట్టి తడిసినప్పుడు కొలత తప్పుతున్నదని మా అనుమానం. ఎండినప్పుడు సరిగానే చూపిస్తున్నది. తీగ పోయే రంధ్రానికి వేసిన రబ్బరు మూత ఎండకు కుంచించుకుపోయి, అంచున పెన్సిలు మొన పట్టేంత సందు ఏర్పడింది. రిజిస్టరు వెనక్కి తిరగేస్తే అదే వైపు నుంచి, అదే నెలలో బిగించిన డబ్బాలు ఇంకా నాలుగు ఇలాంటి చీటీలతోనే వచ్చి ఉన్నాయి. సిలికాన్ మూతలు ఇరవై తెప్పించాము. గురువారం పొద్దున ఐదు డబ్బాలకు కొత్త మూతలు వేసి, రెండింటిని నీళ్లు చల్లిన మట్టితో నింపి, పరీక్ష బల్ల మీద పెట్టి రాత్రంతా నడిపించి చూడబోతున్నాము.